దానమును విద్యగా మార్చిన డేనియల్ కాయిట్ గిల్మను

మన పూర్వులు సప్తసంతానములని చెప్పుచుండిరి. కడుపున బుట్టిన కొడుకొక్కడే సంతానము కాడనియు, త్రవ్వించిన చెఱువు, నాటించిన తోపు, కట్టించిన గుడి, నిలిపిన నిధి, వెలయించిన కావ్యము, ఇచ్చిన యగ్రహారము గూడ మనుష్యుని పేరు నిలుపునవే యనియు వారి భావము. వీనిలో చెఱువునకొక విశేషము గలదు. దానిని త్రవ్వించువాడొకడు; గట్టు కాచి, తూము తెఱచి, ఏ పొలమునకెంత నీరు పారవలెనో చూచు నీరుగంటి వేఱొకడు. త్రవ్వించినవాని పేరు శాసనముపై నుండును. నీరుగంటిని లోకము మఱచును. ఆయకట్టు పండుటయు ఎండుటయు మాత్రము వాని ధర్మబుద్ధిపై నాధారపడియుండును.

విద్యాదానమను చెఱువునకు నీరుగంటియై పనిచేసిన యొక మహనీయుని చరిత్రమును ఈ వార్షిక సంచికయందు మన పాఠకులకును పోషకులకును సమర్పింప దలచితిమి. ఆయన పేరు డేనియల్ కాయిట్ గిల్మను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఉన్నతవిద్యకు క్రొత్త రూపమిచ్చినవారిలో నగ్రగణ్యుడు. ఆయన స్వయముగా ధనికుడు కాడు. కోటీశ్వరుల ధనమాయన చేతిమీదుగా విద్యార్థులకు జేరెను. అంతేకాక, యౌవనమున నాయన తన కళాశాలలోని మిక్కిలి మూసిన రహస్యసంఘమునకు సభ్యుడై, ఆ సంఘపు ఆస్తికి శాసనబద్ధమైన రక్షణ గల్పించిన వాడు. కొందఱికే తలుపు తెఱచు కూటమియు, ఎల్లరకు నుపయోగపడు విద్యాసంస్థయు ఒక్క మనుష్యుని జీవితములో నెట్లు కలిసియుండెనో చూచుట, సంఘముగా గూడి ధర్మనిధులను నడుపుచున్న మనకెల్లరకును ప్రయోజనకరమని మేము నమ్ముచున్నాము.

గిల్మను 1831 జూలై 6వ తేదీని కనెక్టికటు రాష్ట్రములోని నార్విచి పట్టణమున జన్మించెను. తండ్రి వ్యాపారి. ఉన్నతవిద్యకై యాతడు న్యూహేవెను నగరమందలి యేలు కళాశాలను జేరెను. ఈ కళాశాల పేరు మన చెన్నపట్టణముతో ముడివడి యున్నదని మన పాఠకులలో పలువు రెఱుగకపోవచ్చును. ఎలీహూ యేలు అను నాతడు 1687 నుండి 1692 వఱకు తూర్పు ఇండియా కంపెనీ పక్షమున సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా నుండెను. పదవిలో నుండి సొంత వ్యాపారము సాగించెనను ఆరోపణలపై దానిని గోల్పోయినను, మన తీరమున గడించిన గొప్ప భాగ్యముతో 1699లో లండనునకు మరలెను. ఆయన యేలుబడిలోనే ఆ రేవునుండి బానిసలను ఓడల కెక్కించుటయు జరిగెను. 1718లో ఆయన కనెక్టికటులోని యొక చిన్న విద్యాలయమునకు తొమ్మిది బేళ్ల సరకును, 417 గ్రంథములను, ఒకటవ జార్జి రాజు చిత్తరువును పంపెను. సరకు అమ్మగా 562 పౌనుల 12 షిల్లింగులు వచ్చెను. ఆ మేలునకు గుర్తుగా విద్యాలయమునకు దాత పేరు పెట్టబడెను. దానమునకు వెనుక ధనము, ధనమునకు వెనుక నెందఱో పేరులేని వారి చెమట యుండునను సంగతిని ఈ కథ మొదటనే జ్ఞప్తికి దెచ్చుచున్నది.

గిల్మను విద్యార్థిగా నున్న నాటికి ఆ కళాశాలలో రహస్యసంఘములు బలముగా వేరూనియుండెను. అమెరికా కళాశాలలలో ఈ యాచారమునకు మూలము 1776లో వర్జీనియా రాష్ట్రమున బుట్టిన ఫై బీటా కప్పా అను విద్వత్సంఘము. 1831 ప్రాంతమున, రహస్యకూటములపై దేశమంతట గలిగిన యాగ్రహమునకు లోబడి, ఆ సంఘము తన రహస్యమును విడిచెను. మరుసటి యేడే, అనగా 1832లో, యేలు కళాశాలయందు విలియం హంటింగ్టన్ రసెల్, ఆల్ఫాన్సో టాఫ్టు మున్నగువారు స్కల్ అండ్ బోన్స్ అను, పుఱ్ఱెయు నెముకలును అని యర్థమిచ్చు పేరు గల క్రొత్త రహస్యసంఘమును స్థాపించిరి. ఫై బీటా కప్పా గౌరవముల పంపకమున వాదసభల నడుమ బుట్టిన తగవే దీనికి కారణమని చెప్పుదురు. ఏటేట పై తరగతికి రానున్న విద్యార్థులలో 15 మందిని మాత్రమే సంఘము కోరి తీసికొనును. దరఖాస్తు లేదు, పరీక్ష లేదు, ఏల యెన్నుకొనిరో, ఏల విడిచిరో చెప్పువారు లేరు. గిల్మను 1852లో పట్టభద్రుడగునాటికి ఈ పదునైదుగురిలో నొకడు.

1856లో రసెల్, గిల్మను కలిసి రసెల్ ట్రస్ట్ అసోసియేషన్ అను పేర సంఘపు ఆస్తిని చట్టప్రకారము రిజిష్టరు చేయించిరి. ఆ యేడే కిటికీలులేని రాతికట్టడమొకటి సంఘమునకు నిలయముగా లేచెను. దానిని సమాధి యనియే పిలుచుట వాడుకయయ్యెను. లోపల నేమి జరుగునను విషయమున కట్టుకథలకు కొదువ లేదు. వానితో మాకు బనిలేదు. ఎల్లరకు గనుపించునది విచారించిన జాలును. లోని విచిత్రకర్మల కంటె, బయటకు వచ్చిన పిమ్మట నొకరి కొకరు చేయు సాయమే ఇట్టి సంఘములకు బలము. 1873లో న్యూహేవెనునందు వెలువడిన ఐకనోక్లాస్టు అను పత్రిక, కళాశాల యధికారము ఈ సంఘపువారి చేతులలో జిక్కినదనియు, కళాశాల చిక్కుచుండగా సంఘము బలియుచున్నదనియు నిందించెను. నింద యెంత నిజమైనను కాకున్నను, తలుపు వెలుపల నిలిచినవాని మనసున నట్టి యనుమానము పుట్టుటయే రహస్యమునకు గలుగు ఫలము.

సంఘములో గిల్మనునకు దొరకిన స్నేహములలో ముఖ్యమైనది ఆండ్రూ డిక్సన్ వైటు స్నేహము. ఇరువురును 1853 చివర యూరపునకు బోయి, సెంటుపీటర్సుబర్గులోని అమెరికా రాయబారి కార్యాలయమున గొలువు చేసిరి. అచ్చటి విద్యాలయములను గాంచి, ఉత్సాహముతో 1855లో గిల్మను స్వదేశమునకు మరలెను. అనంతరము కళాశాల గ్రంథాలయాధికారిగను, భూగోళశాస్త్రాచార్యుడుగను బనిచేయుచు, శాస్త్రవిద్యకై యేర్పడిన షెఫీల్డు పాఠశాలకు దాతలను గూర్చుట యందు నిపుణుడయ్యెను. గ్రీకు, లాటిను చదువువారికే గౌరవముండిన ఆ రోజులలో శాస్త్రవిద్యార్థులను తక్కువవారిగా జూచుచుండిరి. ప్రార్థనామందిరములో సైతము వారికి వేఱు కూర్చుండుచోటు. పంక్తిభేదము మనదేశమున కొక్కదానికే చెల్లిన దోషము కాదు. పదునైదుగురి పంక్తిలో గూర్చున్న గిల్మను, తన పనిదినములను మాత్రము ఆ వేఱు పంక్తివారి కొఱకు వెచ్చించెను. ఆయన శీలములోని రెండు ముఖములును అప్పటికే గానవచ్చుచున్నవి.

1872లో ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడయ్యెను. మరుసటి యేడు ఆ సంస్థ బర్కిలీకి మాఱెను. అచ్చట నాయనకు బయటివారి మాట యెంత తీక్ష్ణముగా నుండునో తెలిసివచ్చెను. వ్యవసాయమునకును యంత్రవిద్యకును ప్రభుత్వమిచ్చిన భూముల వలన వచ్చు ధనము కావ్యవ్యాకరణములకు ఖర్చగుచున్నదని రైతుసంఘములును పనివారి సంఘములును మొఱపెట్టెను. శాసనసభ విచారణ జరిగెను. రాజకీయ కలహములతో విసిగి 1875లో గిల్మను పదవి విడిచెను. ఎదిరించినవారి మాటలలో కొంత యన్యాయమున్నను, మూలప్రశ్న న్యాయమైనదే. ఒకరి పేర వచ్చిన దానమును మఱియొకరి కొఱకు వాడుట తగునా? ఈ ప్రశ్నను ఆయన జీవితాంతము మోయవలసివచ్చెను.

ఇంతలో తూర్పుతీరమున మేరీలాండు రాష్ట్రపు బాల్టిమోరు నగరములో జాన్సు హాప్కిన్సు అను వర్తకుడు 1873 డిసెంబరు 24న మరణించెను. ఆయన బ్రహ్మచారి; సంతానము లేదు. రైలుకంపెనీ వాటాలలో కూడబెట్టిన ధనమునుండి 70 లక్షల డాలర్లను, సగము ఆసుపత్రికి, సగము విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చెను. అప్పటికి ఆ దేశమున అంతటి దానము మఱియొకటి లేదు. ఆసుపత్రిలో పేదరోగులను స్త్రీపురుషభేదము, వయోభేదము, వర్ణభేదము పాటింపక చేర్చుకొనవలెనని నిర్వాహకుల కాదేశించెను. నల్లజాతి యనాథబాలురకు శరణాలయము గూడ నేర్పాటు చేసెను. బానిసత్వమునకు విరోధియని యాతనికి చిరకాలము పేరుండగా, ఆతని యింట బానిసలుండినట్లు సూచించు 1840, 1850 జనాభా లెక్కలను 2020లో విశ్వవిద్యాలయమే బయటపెట్టెను. దాతల చరిత్రములు తఱచుగా నిట్లే చిక్కుపడి యుండును.

నిర్వాహకులు అధ్యక్షునికై వెదకుచు, హార్వర్డు, కార్నెలు, మిచిగాను విశ్వవిద్యాలయముల అధ్యక్షుల నడుగగా, మువ్వురును గిల్మను పేరే చెప్పిరి. వీరిలో కార్నెలు అధ్యక్షుడు, పైన జెప్పిన ఆండ్రూ వైటే. ఆయనయు స్కల్ అండ్ బోన్స్ సభ్యుడు. దీనిని జూచి పదవి సంఘబలముననే వచ్చెనని యనుట న్యాయము కాదు; తక్కిన యిద్దఱు ఆ సంఘమువారు కారు. ఐనను పదునైదుగురిలో జేరినవానికి సమర్థతతోపాటు దానిని చాటగల మిత్రుడును లభించెను. అంతటి సమర్థుడే అట్టి మిత్రుడు లేక మూలబడియుండవచ్చును. యోగ్యతలేనివానికి బల్లకట్టుట యొకవిధమైన పక్షపాతము. యోగ్యులలో మనవానినే లోకమునకు జూపి, పరుని చీకటిలో విడుచుట మఱియొక విధము. ఈ రెండవది కంటికి గనబడదు కనుక దానిని మాన్పుట కష్టము.

జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయము 1876లో ప్రారంభమయ్యెను. గిల్మను మేడలు గట్టలేదు. నగరము నడుమ రెండు పాత యిండ్లను సరిచేయించి, ధనమును ఆచార్యులకును, విద్యార్థులకును, ప్రయోగశాలలకును వెచ్చించెను. ఏటికి 500 డాలర్ల చొప్పున 20 ఉపకారవేతనములను స్థాపించి, దేశమున నేమూలనుండి వచ్చిన పట్టభద్రులకైనను యోగ్యతనుబట్టి ఇచ్చు నేర్పాటు గావించెను. అంతవఱకు పరిశోధనవిద్యకై జర్మనీకి బోగల సంపన్నులకే దక్కిన యవకాశము, దీనితో సామాన్యుని కొడుకునకును లభించెను. తత్త్వవేత్తలగు జోసయా రాయ్సు, జాన్ డ్యూయీలును, పిమ్మట దేశాధ్యక్షుడైన వుడ్రో విల్సనును అచ్చట జదివినవారే.

ఆచార్యుల నెన్నుటలోను ఆయన దృష్టి విశాలము. గణితమునకై ఇంగ్లండునుండి రప్పించిన సిల్వెస్టరు యూదుడు. కేంబ్రిడ్జిలో 1837లో ద్వితీయస్థానమున నుత్తీర్ణుడైనను, ఆంగ్ల క్రైస్తవమత సూత్రములకు సమ్మతించి చేవ్రాలు చేయనందున పట్టము దొరకనివాడు. అఱువదియేండ్లు దాటిన యా పండితుని గిల్మను గౌరవముతో బిలిచి పీఠమిచ్చెను. 1878లో ఆయన సంపాదకత్వముననే అమెరికా గణితపత్రిక వెలువడెను. అదే యేట విశ్వవిద్యాలయ ముద్రణాలయమును మొదలయ్యెను. విశ్వవిద్యాలయపు పనులను, జమాఖర్చులను వార్షిక నివేదికలలో గిల్మను ప్రకటించుచు వచ్చెను. యౌవనమున కిటికీలులేని కట్టడమునకు గోశాధికారియైనవాడు, నడివయసున దాను నడుపు సంస్థకు అన్నివైపుల కిటికీలు పెట్టించెను.

ఇంతవఱకు జెప్పి విరమించినచో, చరిత్రము వ్రాసినవారము గాక స్తుతిపాఠకుల మగుదుము. తెఱచిన తలుపుల వెంట మూసియుంచిన తలుపులును గలవు. 1878లో క్రిస్టీన్ లాడ్ అను యువతి గణితశాస్త్రము జదువగోరెను. పత్రికలలో నామె వ్రాసిన గణితమును సిల్వెస్టరు ఎఱిగియుండుటచే పట్టుబట్టి చేర్పించెను. మొదట నామె యాయన పాఠములకు మాత్రమే రావలెనను నిబంధన. ఉపకారవేతనపు సొమ్ము ఇచ్చిరిగాని ఆ బిరుదు ఇయ్యలేదు. 1882 నాటికి డాక్టరు పట్టమునకు వలసిన పని యంతయు ఆమె పూర్తిచేసెను. స్త్రీ యగుటచే పట్టమీయలేదు. 44 సంవత్సరములైన పిమ్మట, 1926లో, విశ్వవిద్యాలయ స్వర్ణోత్సవ సందర్భమున దానిని ఆమె చేతికిచ్చిరి.

ఈ తలుపును దెఱచినది గిల్మను కాదు, మఱియొక దాత. రైలుకంపెనీ లాభములు పడిపోయినందున వైద్యకళాశాల స్థాపన ఆగిపోయెను. అప్పుడు మేరీ గారెట్టు, కేరీ థామసు మొదలగు నలువురు స్త్రీలు నిధి సేకరింప బూనిరి. వీరు నలువురును నిర్వాహకుల కుమార్తెలు. అనగా ఆ మూసిన వలయమునకు పుట్టుకచేతనే సమీపముననున్న వారు. నిర్వాహకులు 5 లక్షల డాలర్లు కావలెననగా, 1892 చివర గారెట్టు ఒక్కతెయే 3 లక్షలకు మించిన సొమ్మిచ్చి లోటు పూరించెను. షరతు మాత్రము విడువలేదు: పురుషులతో సమానమైన నియమములపై స్త్రీలను జేర్చుకొనవలెను, ప్రవేశమునకు ముందు పట్టభద్రులై యుండవలెను. గిల్మనునకును నిర్వాహకులలో కొందఱకును ఇది రుచింపలేదు. అయినను ధనమవసరము, షరతు నంగీకరించిరి. 1893 అక్టోబరులో వైద్యకళాశాల దెఱచినపుడు మొదటి తరగతిలో మువ్వురు స్త్రీలుండిరి. దాత పెట్టు షరతు కొన్నిచోట్ల గోడయగును. ఇచ్చట నది తాళపుచెవి యయ్యెను.

వర్ణభేద విషయమున కథ ఇంతకంటె విచారకరము. 1887లో కెల్లీ మిల్లరు అను నల్లజాతి యువకుడు గణితమున ఉన్నతవిద్యకై చేరెను. ఆ జాతివారిలో ఆ విశ్వవిద్యాలయమున జేరిన మొదటివాడతడే. రైలువాటాల యాదాయము తగ్గుటచే విశ్వవిద్యాలయము జీతము హెచ్చించగా, చెల్లింపలేక 1889లో పట్టములేకయే వెడలెను. 1945 వఱకు ఆ జాతి విద్యార్థికి అచ్చట పట్టభద్రపూర్వ తరగతులలో ప్రవేశమే దొరకలేదు. గిల్మను స్వగ్రామమైన నార్విచివాడే యగు జాన్ స్లేటరు, విముక్తులైన బానిసల విద్యకై 1882లో 10 లక్షల డాలర్ల నిధి నేర్పఱచెను. గిల్మను దానికి మొదటినుండి ధర్మకర్త. 1893 తరువాత నధ్యక్షుడు. ఆ నిధి సాయముననే డబ్ల్యూ. ఇ. బి. డుబాయిసు 1892లో బెర్లినునకు బోయి చదివెను. పట్టమునకు ఇంకొంతకాలము కావలసియుండగా, 1894లో నిధివారు సాయమును బొడిగింపరైరి. పట్టము లేకయే యాతడు మరలెను. 1895లో హార్వర్డునుండి డాక్టరు పట్టము పొంది, ఆ జాతికి మహానాయకుడయ్యెను. నల్లజాతివారికి చేతిపనుల విద్యయే చాలునను తలంపు ఆనాటి దాతలలోను ధర్మకర్తలలోను ప్రబలముగా నుండెను. ఇచ్చువాడే పుచ్చుకొనువాని యెత్తు నిర్ణయించుట దానములోని పెద్ద దోషము. గిల్మను ఆ దోషమునుండి తప్పించుకొనలేదు.

1901లో ఆయన జాన్సు హాప్కిన్సు అధ్యక్షత విడిచెను. 1902లో ఆండ్రూ కార్నెగీ కోటి డాలర్లతో వాషింగ్టనులో స్థాపించిన పరిశోధనసంస్థకు మొదటి అధ్యక్షుడై 1904 వఱకు బనిచేసెను. 1901 నుండి 1907 వఱకు జాతీయ సివిలు సర్వీసు సంస్కరణ సంఘమునకు నాయకుడుగా నుండెను. ప్రభుత్వోద్యోగములు పరిచయములచేతను పక్షములచేతను గాక పరీక్షలచేత లభింపవలెనని వాదించు సంఘమది. పరీక్షలేని యెన్నికచే పదునైదుగురిలో జేరినవాడు, తుదకు పరీక్షాపద్ధతికి ధ్వజమెత్తెను. 1908 అక్టోబరు 13న తాను బుట్టిన నార్విచిలోనే యాయన కన్నుమూసెను.

ఆయన మరణమునకు ముందటి యేడే, హాప్కిన్సు విద్యార్థియైన వుడ్రో విల్సను ప్రిన్స్టను అధ్యక్షుడుగా నుండి, అచ్చటి ధనికవిద్యార్థుల భోజనసంఘములను తొలగించి ఎల్లరు నొకచోట భుజించి వసించు పద్ధతి బెట్టజూచెను. పూర్వవిద్యార్థుల యాగ్రహమునకు వెఱచి ధర్మకర్తలు 1907లోనే దానిని ఉపసంహరించిరి. స్కల్ అండ్ బోన్స్ స్త్రీలను జేర్చుకొనుటకు 1991 దాక ఆగవలసివచ్చెను. అదియు సభ్యులలో గొప్ప కలహము జరిగిన పిమ్మటనే. ఆ సంఘమునుండి మువ్వురు దేశాధ్యక్షులు వచ్చిరి. 2004 ఎన్నికలలో ఎదురెదురుగా నిలిచిన బుష్షు, కెర్రీ లిరువురును దాని సభ్యులే. అందఱిదని చెప్పుకొను రాజ్యములో సైతము చిన్నవలయపు బలమెంతటిదో దీనివలన గ్రహింపనగును.

ఈ చరిత్రము మనకేల యనువారుండవచ్చును. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున మన ప్రాంతములలోను పెక్కు కులసంఘములు విద్యార్థి వసతిగృహములను, ఉపకారవేతన నిధులను నెలకొల్పినవి. పల్లెనుండి వచ్చి పట్టణమున నిలువనీడలేని బాలురకు వానివలన గలిగిన మేలు సామాన్యము కాదు. తనవారిని దాను ఆదుకొనుట తప్పని మేమనము. వెనుకబడినవారు కూడి పైకి వచ్చుటకును, పైనున్నవారు కూడి పై స్థలమును కాపాడుకొనుటకును భేదము గలదు. కూటమి పేరు రెండింటను ఒక్కటే కావచ్చును. పదియేండ్లలో మొదటిది రెండవదిగా మాఱవచ్చును. అట్లు మాఱినదో లేదో తెలిసికొనుటకు మన నిధుల లెక్కలనే చూడవలెను. మన వేతనము పేదవాని కుమార్తెకు జేరుచున్నదా, పెద్దల సిఫారసు గల కుమారునకు జేరుచున్నదా? నిర్ణయమున కాధారమేమో దరఖాస్తు పెట్టినవానికి దెలియుచున్నదా? మన గోడప్రక్క నాకలిగొన్న పరాయి పిల్లవానికి మన గ్రంథాలయములో గూర్చుండుటకైన చోటున్నదా?

నేడు గిల్మనును లోకము తలచునది ఆయన కాపాడిన రహస్యముచేత గాదు. ఆయన స్థాపించిన 20 వేతనములచేతను, పీఠమెక్కించిన యూదపండితునిచేతను తలచుచున్నది. ఆయన మూసియుంచిన తలుపులను గూడ మఱువలేదు. లాడ్, మిల్లరుల పేరులు ఆయన పేరు ప్రక్కననే వ్రాయబడుచున్నవి. మన సంఘపోషకులు తమ దానపత్రములను వ్రాయునపుడు మేరీ గారెట్టు షరతును ఒక్కసారి స్మరింతురు గాక! మన నిర్వాహకులు నిధులను బంచునపుడు ఆ నిధి దమది గాదని యెఱిగిన నీరుగంటివలె, తూము కడపటనున్న చేనినిగూడ దలతురు గాక యని కోరుచు విరమించుచున్నాము.